కంటి ముంగిలిని కొలిచే శబ్దతరంగాలు

హఠాత్తుగా కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు కలిగి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినచో మన ఇళ్ళలో పైత్యమని శొంఠి పట్టు వేయుదురు. అది నీటికాసుల వ్యాధి కావచ్చును. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో వర్ణించిన అధిమంథాన్ని పలువురు వైద్యులు దీనితో పోల్చుదురు.

కంటిలోని ద్రవం కార్నియాకు, ఐరిస్ అనే రంగుతెరకు నడుమనున్న కోణం గుండా బయటికి పోవును. ఆ కోణం మూసుకొన్నచో ఒత్తిడి పెరిగి నేత్రనాడి చెడును. అలా పోయిన చూపు తిరిగి రాదు.

వైద్యుడు అద్దంతో కోణాన్ని చూడగలడు గాని, ఐరిస్ వెనుకనుండి దానిని నెట్టునదేదో చూడలేడు. కాంతి చొరని ఆ చోటికి శబ్దం చొరబడును. టొరంటో నగరంలో పావ్లిన్, ఫాస్టర్ల బృందం 1990 ప్రాంతంలో రూపొందించిన అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ ఇదే. ఉదరపరీక్షలో తరంగాలు సెకనుకు సుమారు 35 లక్షలసార్లు కంపించును. ఇందులో 5 కోట్లసార్లు. అందుచేత 5 మిల్లీమీటర్ల లోతుకే పరిమితమైనా, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు భేదం సైతం తేలును. కంటిలో మత్తుచుక్కలు వేసి, రెప్పల నడుమ సెలైన్ నింపిన చిన్న గిన్నె నిలిపి కొలుచుదురు. నొప్పి ఉండదు. అందరికీ అవసరమూ లేదు.

ఒక్క హెచ్చరిక. ఉమ్మెత్త రసం కంటికి తగిలినచో కనుపాప విప్పారును. కోణం ఇరుకైన కంటిలో అదే వ్యాధిని రేపవచ్చును. పై లక్షణాలు కనిపించిన పూటే, పట్టులు మాని, నేత్రవైద్యుని వద్దకు పోవలెను.