దిగులుకూ కులముంది

ప్రతి నెలా ఒకటో తేదీన మా మేనత్త తెల్లవారకముందే లేచి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఎదురుచూస్తుంది. ఆ కుర్చీ పింఛను తెచ్చే సచివాలయ ఉద్యోగి కోసం. ఆ యువకుడు వస్తాడు, వేలిముద్ర వేయించుకుంటాడు, నాలుగు వేల రూపాయలు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. ‘‘కాసేపు కూర్చో నాయనా, టీ పెడతా’’ అంటుంది అత్త. అతను తిరగవలసిన ఇళ్లు ఇంకా చాలా ఉంటాయి. నవ్వి, దండం పెట్టి వెళ్లిపోతాడు. ఎవరూ కూర్చోని కుర్చీని అత్త లోపలికి తీసుకువెళ్తుంది. కొన్ని నెలల్లో ఆమె గుమ్మం దాకా వచ్చిన బయటి మనిషి అతనొక్కడే.

మా ఊరు ప్రకాశం జిల్లాలో, పొగాకు పండే నేలమీద ఉంది. అత్తకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఊహ తెలిసినప్పటి నుంచి బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు కట్టింది, షెడ్లలో గ్రేడింగుకు కూర్చుంది. మామ పోయి పదేళ్లయింది. కొడుకు బెంగళూరులో భవన నిర్మాణ కూలీ. రేకుల షెడ్డులో భార్యాబిడ్డలతో ఉంటాడు. మాదిగపల్లెలోని పాత ఇల్లు కూలిపోయాక, ఊరికి మూడు కిలోమీటర్ల అవతల కొత్త లేఅవుట్‌లో ఆమెకు సెంటున్నర స్థలం వచ్చింది. కిందా మీదా పడి ఇల్లు పూర్తిచేసుకుంది. స్లాబు ఉంది, కరెంటు ఉంది, మరుగుదొడ్డి ఉంది. ఆమె తల్లి తన జీవితకాలంలో వీటిలో ఒక్కటీ చూడలేదు. అందువల్ల ఆ ఇంటిని నేను తక్కువ చేసి మాట్లాడను.

పాత వాడను పొగడను కూడా. ఊరి మురుగు పారే దిక్కున మమ్మల్ని నెట్టేసిన చోటు అది. అయితే నెట్టేసిన ఆ చోటనే మా వాళ్లు ఒకరికొకరు ఆసరా అయ్యారు. వేపచెట్టు కింద అరుగుమీద ముసలివాళ్లంతా కూర్చునేవారు. ఎవరింట పొయ్యి రాజలేదో పొద్దెక్కేలోగా పక్కవాళ్లకు తెలిసిపోయేది. కొత్త లేఅవుట్‌లో లాటరీ తీసి స్థలాలు పంచారు. నలభై ఏళ్లు పక్కపక్కన బతికినవాళ్లు తలా ఒక మూలకు చేరారు. సగం ఇళ్లు పునాదుల దగ్గరే ఆగాయి. అరుగు లేదు, చెట్టు లేదు. ‘‘ఇల్లు బాగానే ఉందిరా అల్లుడా, పొద్దుగూకులూ గోడలతోనే మాట్లాడాల్సొత్తంది’’ అంది అత్త ఒకసారి ఫోన్లో. నేను హైదరాబాదులో పాఠం చెప్పే గది బయట నిలబడి ఆ మాట విన్నాను.

మా వాడలో ‘డిప్రెషన్’ అనే మాట ఎవరూ వాడరు. దిగులు ఉంది, బెంగ ఉంది, గుండెదడ ఉంది, ‘అన్నం సయించడం లేదు’ అన్న మాట ఉంది. అత్త నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటే ఒకచోట రక్తపోటు మాత్ర, ఇంకొకచోట బలం ఇంజెక్షను ఇచ్చారు. ఒంటరిగా ఉంటున్నావా, ఎవరితోనైనా మాట్లాడుతున్నావా అని ఒక్కరూ అడగలేదు. ఇది మా అత్త ఒక్కతె కథ కాదు. 2017–18లో దేశవ్యాప్తంగా జరిగిన వార్ధక్య అధ్యయనం ‘లాసి’, అరవై దాటినవారిలో 8.3 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు ఉన్నాయని అంచనా వేసింది. ఆ జబ్బు ఉందని వైద్యులు గుర్తించినట్టు చెప్పినవారు మాత్రం ఒక శాతం కూడా లేరు. మిగిలినవారి దిగులంతా రక్తపోటు మాత్రల కింద, బలం ఇంజెక్షన్ల కింద కప్పడిపోయి ఉంది.

ఈ దిగులుకు కులంతో ఏం సంబంధమని అడిగేవారుంటారు. ముసలితనం అందరికీ వస్తుంది, ఒంటరితనం పెద్ద మేడల్లోనూ ఉంది కదా అంటారు. నిజమే. ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది రెండేళ్ల కిందట. అప్పటికే అత్తకు మతిమరుపు మొదలైంది. మనుమరాలి పేరు మరచిపోతోంది, తాళం ఎక్కడ పెట్టిందో మరచిపోతోంది. ఒకరోజు ఆమెను బ్యాంకుకు తీసుకువెళ్తూ ఊరి మధ్య వీధిలోకి మలుపు తిరిగాను. వెనక్కి చూస్తే అత్త ఆగిపోయి ఉంది. వంగి, చెప్పులు విప్పి, చేతిలో పట్టుకుని మళ్లీ నడవడం మొదలుపెట్టింది. ఆ వీధిలో మా వాళ్లు చెప్పులతో నడవకూడదన్న కట్టుబాటు పోయి దశాబ్దాలైంది. ‘‘వేసుకో అత్తా, ఇప్పుడెవరూ ఏమీ అనరు’’ అన్నాను. ఆమె నా నోటిమీద వేలు పెట్టింది. మనుమరాలి పేరు మరచిపోయిన మనిషికి ఆ వీధి ఇంకా గుర్తుంది.

అగ్రకుల వృద్ధుడి మతిమరుపు అతనిని ఏ బాల్యంలోకి తీసుకువెళ్తుందో నాకు తెలియదు. మా అత్తను అది చెప్పులు విప్పిన బాల్యంలోకి తీసుకువెళ్లింది. బతుకంతా దిగమింగిన అవమానాలు ముసలితనంలో పైకి తేలుతాయి. వాటిని విని అర్థం చేసుకోగల మనిషి ఎదురుగా ఉండకపోతే అవి నిద్రలేమిగా, గుండెదడగా, ఉలికిపాటుగా మిగిలిపోతాయి. ఈ చరిత్ర తెలియని మానసిక వైద్యం మా వాళ్లకు సగం వైద్యమే.

చట్టాలు లేక కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అది ఊహించిన వృద్ధుడెవరో చూడండి. ఆస్తిని పిల్లలకు రాసిచ్చి మోసపోయినవాడు ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. పిల్లలు లేనివారైతే తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల నుంచి పోషణ కోరవచ్చు. సెంటున్నర తప్ప ఏమీ లేని మనిషి ఎవరిమీద దావా వేయాలి? రోజుకూలీ కొడుకు మీదా? పేద వృద్ధుల కోసం ఆ చట్టంలో ఉన్నది 19వ సెక్షన్. జిల్లాకు కనీసం ఒక్కటైనా, నూట యాభై మందికి తగ్గకుండా ఉండేలా ప్రభుత్వాలు వృద్ధాశ్రమాలు నెలకొల్పవచ్చునని అందులో ఉంది. నెలకొల్పి తీరాలని లేదు. ఆ ‘వచ్చును’ అన్న మూడక్షరాల్లోనే మా వాళ్ల ముసలితనం ఇరుక్కుపోయింది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. కుల వివక్ష లేకుండా మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అంది. ఆస్పత్రి గోడల మధ్య కాక సమాజంలో బతికే హక్కును గుర్తించింది. తోడ్పాటుతో కూడిన వసతి కల్పించాలని చెప్పింది. ఫోన్ చేస్తే మాట్లాడేందుకు 14416 ఉంది, వృద్ధుల కోసం 14567 ఉంది. మా అత్తకు ఫోన్ ఎత్తడం వచ్చు, అంకెలు నొక్కడం రాదు.

ఒక దశలో ఆమెను దగ్గరి పట్టణంలోని ఒక ఆశ్రమంలో చేర్చాలనుకున్నాను. ఎవరినీ నిందించడానికి ఇది చెప్పడం లేదు. దరఖాస్తులో కులం గడి లేదు. మాటల్లో మాత్రం ఇంటిపేరు అడిగారు, ఊళ్లో ఎటువైపు ఉంటారని అడిగారు. అక్కడ ఉండేవాళ్లు ‘అలవాటైనవాళ్లు’ అని, వంటగదిలోకి, పూజగదిలోకి వెళ్లకుండా ఉంటే ఇబ్బంది లేదని మెల్లగా చెప్పారు. అత్త అంతా విని, లేచి, తన సంచి తాను తీసుకుంది. ఆటోలో ఒకే మాట అంది: ‘‘ఈ వయసులో మళ్లీ బయట కూర్చోలేనురా.’’

మన సమాజంలో వృద్ధాశ్రమం గురించి జరిగే చర్చ అంతా పిల్లల కృతఘ్నత చుట్టూ తిరుగుతుంది. కథల్లో, సినిమాల్లో అమెరికా కొడుకు, అనాథ అయిన తండ్రి. కడుపుకూటికి వలసపోయిన కొడుకు తల్లి ఆ చర్చలో లేదు. ఇంకోవైపు, కులాల పేరిట నడిచే సత్రాలు, ట్రస్టులు తమ వృద్ధులను చూసుకుంటున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో బ్రాహ్మణ సంక్షేమ సంస్థ పేద వృద్ధుల తిండికి, నీడకు ‘కశ్యప’ పేరుతో పథకమే ప్రకటించింది. దాన్ని నేను తప్పుపట్టను. ఆకలికి కులం అడ్డు కాకూడదు. కానీ ఒక సామాజిక వర్గపు వృద్ధులకు తిండీ నీడా బాధ్యతగా గుర్తించిన ప్రభుత్వానికి వెలివాడ వృద్ధుల విషయంలో ఆ బాధ్యత మరింత ఎక్కువ.

ఏం చేయాలో మా అత్తే చూపించింది. లేఅవుట్‌లో ఆమె ఇంటికి నాలుగు వరుసల అవతల ఇంకొక ఒంటరి ముసలమ్మ ఉంది, మాల కులస్థురాలు. పాత ఊళ్లో మాల, మాదిగ పల్లెల మధ్య ఉన్న ఎడం అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒకే కుండలో వండుకుంటున్నారు, ఒకే చోట పడుకుంటున్నారు. ఇల్లు తాళం వేసి ఉంటే రద్దు చేస్తారని ఎవరో చెప్పారట. అందుకని అత్త రోజూ సాయంత్రం తన ఇంటికి వెళ్లి, లైటు వేసి, మళ్లీ ఆమె ఇంటికి వస్తుంది. మనిషి లేని ఇంట్లో రాత్రంతా లైటు వెలుగుతూ ఉంటుంది. నిద్ర పడుతోందా అని అడిగితే, ‘‘అది గురక పెడతది, అయినా పడతంది’’ అంది నవ్వుతూ. ఏ మాత్రకూ రాని నిద్ర పక్కన మనిషి ఉంటే వచ్చింది.

ఇది అనుభవం చెప్పే మాట మాత్రమే కాదు. గోవాలో కుంగుబాటు తొలి లక్షణాలున్న 181 మంది వృద్ధులతో ఒక అధ్యయనం జరిగింది. వైద్యులు కాని సామాన్య కార్యకర్తలు శిక్షణ పొంది వారితో మాట్లాడారు, సమస్యలను విడదీసి చూడటం నేర్పారు, నిద్రకు మెలకువలు చెప్పారు, ప్రభుత్వ పథకాలు అందేలా సాయపడ్డారు. ఏడాది తరువాత వారిలో 4.4 శాతం మందే కుంగుబాటులోకి జారారు; మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో అది 14.4 శాతం. చెన్నైలోని ‘ద బాన్యన్’ సంస్థ ‘హోమ్ ఎగైన్’ పేరుతో, మానసిక జబ్బుల నుంచి కోలుకుంటూ వెళ్లడానికి ఇల్లు లేనివారిని నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లోని మామూలు ఇళ్లలో, సహాయకుల తోడుతో ఉంచుతోంది. నూట యాభై మంచాల భవనం కంటే నాలుగు మంచాల ఇల్లు మనిషికి దగ్గర.

కనుక అడగవలసింది స్పష్టంగానే ఉంది. ప్రతి దళిత కాలనీలో, కొత్త లేఅవుట్లలో, ఒంటరి వృద్ధులు ఇష్టపడితే నలుగురైదుగురు కలిసి ఉండే చిన్న ఇళ్లు, ఉమ్మడి వంటగది, ముందు ఒక అరుగు కావాలి. కలిసి ఉన్నందుకు ఎవరి ఇంటిహక్కూ, పింఛనూ పోకూడదు. స్థలాలు పంచేటప్పుడు పాత ఇరుగుపొరుగును లాటరీతో చెదరగొట్టకూడదు. స్వయం సహాయక సంఘాల మహిళలకు శిక్షణా, గౌరవ వేతనమూ ఇచ్చి వారానికొకసారి ఈ వృద్ధులతో కూర్చునే పని అప్పగించాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వారికి వెన్నుదన్నుగా ఉండాలి. డబ్బెక్కడిదంటారా? ఎస్సీ ఉప ప్రణాళికకు 2013లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది. అందరికీ ఇచ్చే పింఛన్లలో మా వాటాను కూడా ఆ పద్దులోనే చూపడం మాని, ఆ నిధితో ఈ ఇళ్లు కట్టాలి.

వాడలోనే కడితే అది మరో వెలి కాదా అన్న ప్రశ్న న్యాయమైనది. అందుకే ఆ ఇళ్లు అన్ని కులాల ఒంటరి వృద్ధులకూ తెరిచి ఉండాలి, వంట మా ఆడవాళ్ల చేతిది కావాలి. ఇన్నాళ్లూ అవసరం పడినప్పుడల్లా వాడే ఊళ్లోకి వెళ్లింది. ఒక్క మెతుకు కోసమైనా, ఒక్క మాట కోసమైనా ఊరు వాడలోకి రానివ్వండి.

చివరగా విద్యార్థులకు ఒక మాట. నేను సాంఘిక సంక్షేమ వసతి గృహంలో చదువుకున్నాను. అక్కడి ఉమ్మడి వంట, ఉమ్మడి పడక, రాత్రి కబుర్లు మా తరాన్ని మనుషులను చేశాయి. మమ్మల్ని అక్కడికి పంపినవాళ్లు, తమ పొగాకు కూలి డబ్బుతో మాకు ట్రంకుపెట్టె కొనిచ్చినవాళ్లు, ఇప్పుడు ఖాళీ ఇళ్లలో ఉన్నారు. మా అత్త వారిలో ఒకరు. మేం చదువుకుని దూరమైనందుకే వారు ఒంటరి అయ్యారన్న నిజం నన్ను నిద్రపోనివ్వదు. దళిత యువతకు వసతి గృహం హక్కని పోరాడి సాధించుకున్నట్టే, దళిత వార్ధక్యానికీ తోడున్న ఇల్లు హక్కని అడగాలి. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు మీ వాడలో ఒంటరిగా ఉన్న వృద్ధులు ఎందరో లెక్క రాయండి. ఆ కాగితంతో గ్రామసభకు వెళ్లండి. వెళ్లేముందు, వాళ్లు వాకిట్లో వేసిన కుర్చీలో కాసేపు కూర్చోండి.