కూలిలో పిల్లల చదువు కూడా ఉండాలన్న విద్యార్థి

వానాకాలంలో నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా గద్వాల వైపు వెళ్ళిన పాఠకులు సీడ్ పత్తి చేలు చూసే ఉంటారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి. మరునాడు ఉదయం మగ పువ్వు తెచ్చి దానికి అద్దాలి. క్రాసింగ్ అంటారు. ఒక్కొక్క మొగ్గకూ ఇలాగే, రెండు మూడు నెలలపాటు. చేతితో తప్ప కాని పని. 1990లలో ఈ చేలలో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు ఎక్కువగా కనిపించేవారు. ఆర్గనైజరు ఇచ్చిన అడ్వాన్సు తల్లిదండ్రులు ఎప్పుడో వాడేసుకుని ఉంటారు. పిల్ల మాత్రం చేలో ఉంటుంది. బడి తెరిచిన కొన్నాళ్ళకే ఈ పని మొదలవుతుంది మరి. 2011 జనాభా లెక్కల్లో, నేటి జోగుళాంబ గద్వాల జిల్లా ప్రాంతంలో అక్షరాస్యులు నూటికి యాభై మంది కూడా లేరు.

ఈ సంగతి తలచినప్పుడల్లా మాకు ఒక విద్యార్థి జ్ఞాపకం వస్తాడు. అతడు మన దేశస్థుడు కాడు, మన సంఘస్థుడూ కాడు. రోమన్ కాథలిక్కు. వారికీ మనకూ ఉన్న భేదాలు పాఠకులకు తెలిసినవే, వాటి జోలికి ఇప్పుడు పోము.

పేరు ఫ్రెడరిక్ ఓజనాం. 1831లో లా చదవడానికి ఫ్రాన్సు దేశపు లియోన్ పట్టణం నుండి పారిస్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడ కొందరు ప్రొఫెసర్లు పాఠాల్లోనే క్రైస్తవ విశ్వాసాన్ని తక్కువ చేసి మాట్లాడేవారు. ఇతడు అభ్యంతరాలు రాసి పంపేవాడు. అంతటితో ఊరుకోక, చదువుకునే కుర్రవాళ్ళ సందేహాలకు జవాబిచ్చే ప్రసంగాలు పెట్టించండని తోటి విద్యార్థులతో కలిసి ఆర్చిబిషప్పును అడిగాడు. 1835లో నోత్ర్‌దామ్ ఆలయంలో అవి మొదలయ్యాయి. (మన యూత్ మీటింగుల్లో ప్రశ్న అడిగిన కుర్రవాణ్ణి ఎలా చూస్తామో, ఆ మాట అలా ఉంచుదాం.)

ఒకనాడు విద్యార్థుల చర్చలో ఒకడు, మీ సంఘం వెనుకటికి మేలు చేసింది సరే, ఇప్పుడు మీరేం చేస్తున్నారు అని నిలదీశాడట. ఓజనాంకు ఆ మాట గుచ్చుకుంది. 1833 ఏప్రిల్ 23న, తన ఇరవయ్యో పుట్టినరోజున, మరి కొందరు విద్యార్థులతో కలిసి పని మొదలుపెట్టాడు. రోజలీ అనే కన్యస్త్రీ వారికి బీద కుటుంబాలను చూపించింది. రొట్టె, కట్టెలు పట్టుకుని ఆ ఇళ్ళకు వెళ్ళేవారు. నేడు లోకమంతా ఉన్న సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ ఇలా పుట్టిందే.

ఇళ్ళు తిరిగినకొద్దీ దానం ఒక్కటే చాలదని అతనికి తోచింది. 1836లో స్నేహితునికి రాసిన ఉత్తరంలో, మితిమీరి ఉన్నవాళ్ళకూ ఏమీ లేనివాళ్ళకూ మధ్య పోరు రాబోతోందన్నాడు. 1839లో లియోన్‌లో వాణిజ్య చట్టం బోధించే ఉద్యోగం దొరికినప్పుడు పాఠంలోనే కూలి లెక్క తీశాడు. పనివాణ్ణి పనిముట్టుగా చూసి, తక్కువ డబ్బుకు ఎక్కువ పని లాగడం దోపిడీ అన్నాడు. న్యాయమైన కూలి అంటే మూడు ఉండాలట: ఇల్లు గడవడం, పిల్లల చదువు, ముసలితనానికి ఇంత.

పిల్లల చదువు కూలిలోనే ఉండాలన్న ఆ మాట మమ్మల్ని ఆపేసింది. మన దగ్గర కొన్ని ఇళ్ళలో పిల్లే కూలి తెచ్చింది కదా! 2016 సవరణతో పద్నాలుగేళ్ళలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నిషిద్ధం. బడి అయ్యాక సొంత ఇంటి పనిలో సాయపడవచ్చునని మినహాయింపు ఉంది. ఆ సందు ఎంత పెద్దదో పల్లెలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. పెద్దలకు సరైన కూలి ముడితే పిల్లను పంపే అవసరమే తగ్గుతుంది. మన సంఘాల్లో భూమి ఉన్నవాళ్ళూ ఉన్నారు, కూలికి పోయేవాళ్ళూ ఉన్నారు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలోని కోతవాళ్ళ కూలి సంగతి మీద ఈ ఏడాది ఎన్ని ప్రసంగాలు విన్నామో మేము లెక్కపెట్టుకోబోయాం. ఒక్కటీ జ్ఞాపకం రాలేదు.

ఓజనాం 1853లో, నలభై ఏళ్ళకే కన్నుమూశాడు.

మేము మొన్న సండే స్కూలు హాజరు పుస్తకం తీసి, క్రాసింగ్ నెలల్లో రాని పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాం. వచ్చే శనివారం ఇద్దరిద్దరం కలిసి ఆ ఇళ్ళకు బయలుదేరుతున్నాం.