టేపు తిరిగింది, కంప్యూటరు లేవలేదు! ఎందుకు?

మా మాచర్ల చుట్టుపక్కల బావుల మీద మోటార్లు నడిపే రైతులను మీరు చూసే ఉంటారు. చాలా రోజులు ఆగిన మోటారుకు స్విచ్చి వేయగానే నీరు రాదు. పంపులో గాలి నిండి ఉంటే అది నీటిని లాగలేదు. అందుకని ముందు పంపులో ఒకటి రెండు బిందెల నీళ్ళు పోస్తారు. అంటే, నీళ్ళు తోడాలంటే ముందు కొన్ని నీళ్ళు పోయాలన్నమాట! చిత్రంగా ఉంది కదూ? కంప్యూటరుకు కూడా సరిగ్గా ఇదే చిక్కు ఉంది.

కంప్యూటరు చేత పనులన్నీ చేయించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అది అయస్కాంత టేపు మీద ఉందనుకోండి. దాన్ని చదవాలంటే, "టేపును చదువు" అని చెప్పే ప్రోగ్రాము ముందే మెమొరీలో ఉండాలి. ఆ ప్రోగ్రామేమో టేపు మీదనే ఉంది! మరి మొదలుపెట్టడం ఎలా?

మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ టిడిసి-12, టిడిసి-312, టిడిసి-316 అనే కంప్యూటర్లను తయారుచేసింది. ఆ కాలపు యంత్రాలన్నిటికీ ఏదో ఒక విధంగా ఈ "మొదటి బిందె నీళ్ళు" పోయవలసిందే. అమెరికాలో 1970లో వెలువడిన పిడిపి-11 అనే కంప్యూటరును ఉదాహరణగా తీసుకుని, దానిలో 1975 నాటి యూనిక్స్ ఆరవ కూర్పును టేపు నుంచి ఎలా ఎక్కించేవారో చూద్దాం.

కంప్యూటరు ముందు పలక మీద వరుసగా మీటలుంటాయి. ఆ మీటలతో ఆరు సంఖ్యలను మెమొరీలో పెట్టాలి. అవి 012700, 172526, 010040, 012740, 060003, 000777. వీటిలో 8, 9 అంకెలు కనిపించవు, గమనించారా? ఇవి 0 నుంచి 7 వరకు అంకెలను మాత్రమే వాడే సంఖ్యామానంలో రాసినవి. ఈ ఆరు సంఖ్యలూ కలిసి టేపులోని మొదటి బ్లాకును, అంటే 512 బైట్లను, మెమొరీలో 0వ చోటు నుంచి నింపమని చెబుతాయి. ఆ బ్లాకులో మరికాస్త పెద్ద ప్రోగ్రాము ఉంటుంది. చిన్నది పెద్దదాన్ని పిలుస్తుంది, అది ఇంకా పెద్దదాన్ని పిలుస్తుంది. తన బూటు పట్టీని తానే పట్టుకుని పైకి లేవడం వంటిదని దీనికి బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టారు. నేడు మనం "బూట్" అంటున్నది దానికి పొట్టి పేరే.

ఇదంతా చేసినా కంప్యూటరు లేవకపోతే? మా ప్రయోగశాలలో బల్బు వెలగనప్పుడు కొందరు పిల్లలు సెల్లు, తీగ, బల్బు అన్నీ ఒకేసారి మార్చేస్తారు. బల్బు వెలుగుతుంది. కాని తప్పెక్కడుందో ఎవరికీ తెలియదు. పాడైన తీగ మళ్ళీ పెట్టెలోకే చేరి మర్నాడు ఇంకొకరిని ఏడిపిస్తుంది! అలా కాక, "ఎంతవరకు బాగా జరిగింది?" అని అడుగుతూ మెట్టుమెట్టుగా వెళ్ళాలి.

మొదటి మెట్టు: టేపు కదిలిందా? కదలకపోతే టేపులో రాసినదాన్ని అనుమానించడం వృథా, ఎందుకంటే దాన్ని ఇంకా ఎవరూ చదవలేదు! టేపు యంత్రం కంప్యూటరుతో కలిసి ఉందా, ఆరు సంఖ్యల్లో ఒక్క అంకె అయినా తప్పిందా అని చూడాలి.

రెండవ మెట్టు: టేపు కాస్త కదిలి ఆగింది, కంప్యూటరు మాత్రం ఏమీ చెప్పడం లేదు. కొత్తవారు ఇక్కడే కంగారు పడతారు. నిజానికి ఇది తప్పు కాదు! ఆరవ సంఖ్య 000777కు అర్థం "ఇక్కడే తిరుగుతూ ఉండు" అని. మనమే యంత్రాన్ని ఆపి, 0వ చోటు నుంచి మళ్ళీ నడపాలి. అప్పుడు టేపు వెనక్కి చుట్టుకుని, "=" గుర్తు అచ్చవుతుంది.

మూడవ మెట్టు: "=" రాలేదా? చదవడంలో లోపం ఉండవచ్చు. టేపు నుంచి రాలిన పొడి హెడ్డుకు అంటుకుంటే అక్షరాలు చెడతాయి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. అంగుళానికి 800 బిట్ల చొప్పున చదివే యంత్రానికి 1600 బిట్ల టేపు ఇచ్చినా పని జరగదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. మీటల శ్రమ తప్పించడానికి కంపెనీవారు చెరగని మెమొరీలో పెట్టి ఇచ్చిన టేపు ప్రోగ్రాము 0వ బ్లాకును కాక 1వ బ్లాకును చదువుతుంది. యూనిక్స్‌కు కావలసింది 0వ బ్లాకు! టేపూ మంచిదే, యంత్రమూ మంచిదే, లెక్క మాత్రం ఒకటి తేడా.

నాల్గవ మెట్టు: "=" వచ్చిందంటే టేపు యంత్రమూ, మొదటి బ్లాకూ బాగున్నట్లే. ఇక వెనక్కి చూడనక్కరలేదు. టేపులో మొదటి 100 బ్లాకులు మొదలుపెట్టే ప్రోగ్రాములవి. కాబట్టి డిస్కులోని 0వ బ్లాకుకు టేపులోని 100వ బ్లాకును ఎక్కించమని చెప్పాలి. 100కు బదులు 101 అని కొడితే టేపు చక్కగా తిరుగుతుంది, కాని డిస్కు మాత్రం లేవదు.

ఒక్క జాగ్రత్త మరవరాదు. టేపు చుట్ట వెనుక ఉండే ప్లాస్టిక్ ఉంగరాన్ని తీసేస్తే ఆ టేపు మీద రాయడం కుదరదు. వెదుకులాటలో అసలు టేపే చెరిగిపోకుండా ముందుగా ఆ ఉంగరం తీసి పెట్టుకోవాలి.

ఆ మీటల కంప్యూటర్లు నేడు వాడుకలో లేవు. కాని మీ ఇంట్లోని ఫోనులో కూడా చెరగని మెమొరీలోని ఒక చిన్న ప్రోగ్రామే మొదట లేచి, మిగతావాటిని లేపుతుంది. అది మొండికేసినప్పుడు, నీళ్ళు రాని పంపు దగ్గర రైతు చేసే పనినే తలచుకోండి. ఆయన మొదటే మోటారు విప్పడు. ఫుట్ వాల్వు నీళ్ళు నిలుపుతోందా, పైపు అతుకుల్లో గాలి దూరుతోందా అని ఒక్కొక్కటే చూస్తాడు. మీరూ అలాగే ఒక్కటి మార్చండి, ఏమైందో చూడండి, కాగితం మీద రాసుకోండి. తర్వాతే రెండవదాని జోలికి వెళ్ళండి.