శరత్కాలపు గోదారికి అరువు రంగులెందుకు?

రంపచోడవరం: ఆశ్వయుజం వచ్చేసరికి గోదావరి ఎర్రదనం విరుగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ఒండ్రుతో పరవళ్లు తొక్కిన నీరు దసరా దాటాక క్రమంగా తేటపడుతుంది. వానమబ్బు పోయి దూదిపింజల్లాంటి తెల్లమబ్బు మిగులుతుంది. లంకల్లోనూ, గట్ల వెంటా రెల్లు పూస్తుంది. నది కొండల మధ్య పాపిడి తీసినట్టు సాగుతుంది కాబట్టే పాపికొండలన్న పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ పాపిడి అందం చూడడానికి ఇదే అదను.

సెల్‌ఫోన్ లేని చెయ్యి అరుదైన ఈ రోజుల్లో గోదారి ఫొటో తీయనివారూ అరుదే. కాని తీసిన బొమ్మ చూసుకుంటే చాలామందికి ఉసూరుమనిపిస్తుంది. కంటికి కనబడిన కొండ వేరు, ఫోన్లో పడిన కొండ వేరు. ఆకాశం తెల్లకాగితంలా, కొండ మసిగుడ్డలా, నీరు బూడిద కలిపినట్టు వస్తాయి. ఆ లోటు పూడ్చడానికి ఫోన్లోనే రంగు పెంచి, కొండకు నీలం, చెట్టుకు ఎరుపు పులిమి నలుగురికీ పంపడం మామూలైపోయింది. బొమ్మను బాగు చేసుకోవడంలో తప్పు లేదు. తప్పల్లా మన గోదారిని మరెక్కడి నదిలాగానో మార్చేయడంలో ఉంది.

ఎర్రాకు మనది కాదు

శరత్తు అనగానే చెట్లన్నీ ఎరుపు, పసుపు రంగుల్లో ఉండాలనే భ్రమ క్యాలెండర్ల నుంచి వచ్చింది. ఒకప్పుడు కిరాణా కొట్లలోనూ, మంగలి షాపుల్లోనూ గోడలకు వేలాడిన క్యాలెండర్లలో మంచు కొండలూ, ఎర్రటి చెట్లూ, వాటి నీడ పడిన చెరువులూ ఉండేవి. అవి చలిదేశాల శరత్తు బొమ్మలు. అక్కడ ఆకు రాలే ముందు రంగు మారుతుంది. మన కొండల్లో టేకు, వెదురు ఆకు రాల్చేది చలికాలం చివర, ఎండాకాలం మొదట్లో. ఆశ్వయుజ కార్తీకాల్లో అడవి వాన తాగి పచ్చగా ఉంటుంది. కాబట్టి ఇక్కడి శరత్తుకు తేట ఆకాశం, పచ్చని కొండ, తెల్లని రెల్లు, ఎరుపు విరిగిన నీరు గుర్తులు. ఈ నాలుగూ ఉన్న బొమ్మకు మరో రంగు అరువు తేవలసిన పని లేదు.

వేళ ముఖ్యం

లాంచీల్లో వచ్చే యాత్రికులకు ఒక చిక్కుంది. పొద్దున్న రేవు వదిలిన లాంచీ నది సన్నబడే చోటికి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆ ఎండలో కొండ మడతలు కనబడవు, నీరు తళతళలాడి కన్ను చెదురుతుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఆ వేళ చేయగలిగింది తక్కువ. ఒడ్డున ఉన్న ఊళ్లవారికి ఈ ఇబ్బంది లేదు. కార్తీక స్నానానికి రేవుకు దిగే వేళకే అసలు వెలుగు మొదలవుతుంది. నది ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే చోట తొలి ఎండ పడమటి గట్టు కొండ మీద పడుతుంది. తూర్పు గట్టు కొండ, దాని కింద నీరు ఇంకా నీడలోనే ఉంటాయి. వెలిగిన కొండ నీడలో ఉన్న నీటిలో ప్రతిబింబించే ఆ కాస్సేపట్లో నీటికి వచ్చే బంగారు చాయ ఏ రంగుపెట్టెలోనూ దొరకదు. గాలి లేవకముందే తీసుకోవాలి. గాలి లేచిందంటే ప్రతిబింబం చెదిరిపోతుంది.

మంచు పట్టిన ఉదయాన మరో సంగతి గుర్తుంచుకోవాలి. కెమెరా లెక్క ప్రకారం లోకమంతా నడిమి బూడిదరంగే. తెల్లని మంచును చూపిస్తే దాన్ని కూడా బూడిద చేసి ఇస్తుంది. అప్పుడు వెలుగు కాస్త పెంచి తీయాలి. ఫోన్లో బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి జరిపితే సరి. ఎండ కాసి మబ్బు తెల్లగా మెరిసే వేళ దీనికి తలకిందులు చేయాలి. మబ్బు అంచు మీద వేలు పెట్టి వెలుగు తగ్గించి తీయాలి. మబ్బు ఒకసారి తెల్లబారి పోయిందంటే తర్వాత తిరిగి రాదు. చీకటైన కొండను మాత్రం కొంతవరకు వెలికి తీయవచ్చు. రీలు కెమెరా రోజుల్లో పనిచేసిన స్టూడియోవారికి ఇది విడ్డూరంగా తోస్తుంది. నెగెటివ్ ఫిల్ముకు వెలుగు కాస్త ఎక్కువైనా ఫరవా లేదు, తక్కువైతేనే బొమ్మ పాడు. అలవాటు మార్చుకోవడం వారికే కష్టం.

లెన్సును పంచె కొంగుతోనైనా తుడవకుండా ఫొటో తీయడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. జేబులో చెమట అంటిన అద్దం నుంచి తేటైన గోదారి ఎలా వస్తుంది?

కెమెరా ఉన్నవారు పోలరైజర్ అనే తిప్పుడు అద్దం బిగిస్తుంటారు. సూర్యుడికి అడ్డంగా, అంటే పక్కకు తిరిగి నిలబడినప్పుడు అది బాగా పనిచేస్తుంది. ఆకాశం నీలం ముదురుతుంది, ఆకుల మీద మెరుపు తగ్గి పచ్చదనం తేలుతుంది. కాని చివరంటా తిప్పితే నీటిలో కొండ ప్రతిబింబం కూడా మాయమవుతుంది. నెమ్మదైన నది బొమ్మకు ప్రాణం ఆ ప్రతిబింబమే. అందుచేత సగంలో ఆపడం మేలు.

లాంచీ మీద జాగ్రత్త

ఇంజను అదురు రెయిలింగు గుండా చేతికి ఎక్కుతుంది. మోచేతులు దాని మీద ఆన్చి తీసిన ఫొటో మసకబారుతుంది. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, చేతులు డొక్కలకు ఆన్చి తీయాలి. కెమెరాలో షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకుండా చూసుకోవాలి. నీటిని పట్టుగుడ్డలా నున్నగా చూపే బొమ్మలకు సెకను పైబడి తెరిచి ఉంచాలి గనుక అవి ఒడ్డున ట్రైపాడ్ స్టాండు మీదనే సాధ్యం.

వంపు తిరిగేటప్పుడు ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరడం, లైఫ్ జాకెట్ బొమ్మలో బాగుండదని విప్పడం ప్రాణం మీదికి తెస్తాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటక బోటు మునిగి పదుల మంది పోయిన సంగతి ఈ తీరం మరచిపోలేదు.

బాగు చేయడమంటే

ఫొటోకు మెరుగులు దిద్దడం సెల్‌ఫోన్లతో పుట్టిన విద్య కాదు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1942లో టీటన్ కొండలనూ, వాటి ముందు మెలిక తిరిగే స్నేక్ నదినీ కలిపి తీసిన నలుపు తెలుపు ఫొటో లోకప్రసిద్ధం. చీకటిగదిలో కాగితం మీద ఒకచోట వెలుగు ఎక్కువ పారించి, మరోచోట చెయ్యి అడ్డుపెట్టి తగ్గించి ఆయన తన బొమ్మలు తయారు చేసేవాడు. లేని కొండను మాత్రం తెచ్చిపెట్టలేదు. మన స్టూడియోల్లో కూడా మబ్బు తేలడానికి పసుపు అద్దం వాడేవారు, నలుపు తెలుపు బొమ్మలకు కుంచెతో రంగు వేసేవారు.

ఫోన్లో చేయవలసింది కూడా అంతే. ముందు నీటి అంచు వాలిందేమో చూసి సమం చేయాలి. నది ఒక పక్కకు ఒలికిపోతున్నట్టుంటే ఎన్ని రంగులు దిద్దినా నెమ్మది రాదు. తర్వాత మెరిసే చోట వెలుగు కొంచెం దించి, నీడలు కొంచెం ఎత్తాలి. రంగు పెంచే మీట జోలికి పోకపోవడమే మంచిది. పోయినా రెల్లు తెల్లగానే ఉందా అని చూసుకుని ఆపాలి. రెల్లుకు నీలం ఎక్కిందంటే హద్దు దాటినట్టే.

ఇప్పుడు కొత్తగా చెరిపే సాధనం వచ్చింది. అడ్డుగా ఉన్న కరెంటు స్తంభం, పూరిపాక, విరిగిన పడవ, మనిషి వేలితో రాస్తే మాయమవుతాయి. ఊరివారు ఆలోచించవలసింది ఇక్కడే. పోలవరం దగ్గర 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. అప్పటి నుంచి ఎగువన నీరు ఎగదన్ని నిలుస్తోంది. దేవీపట్నం వైపు ఊళ్ల జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులు. యాత్రికుడి ఫోన్లో పడే నిశ్చలమైన అద్దంలాంటి నీటి అడుగున ఒక్కొక్కచోట వీధులున్నాయి, రచ్చబండలున్నాయి. నీటిపైన మిగిలిన ఎండు తాటిచెట్టును బొమ్మకు అడ్డమని చెరిపేస్తే, ఆ ఊరి హద్దుకు మిగిలిన గుర్తు కూడా పోయినట్టే. పైగా ఆ చెట్టు ఉంటేనే బొమ్మకు లోతు వస్తుంది, కొండ ఎంత ఎత్తో తెలుస్తుంది. పాక, పడవ, రేవులో గుడ్డలుతికే మనిషి ఉండగా తీసినదే గోదారి ఫొటో.

పాత బొమ్మలున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. 12 బొమ్మల ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలతో పెళ్లిళ్లకూ, తీర్థాలకూ తీసినవాటిలో వెనుక కొండ, పాత గట్టు, ఇసుక తిన్నె పడి ఉంటాయి. నీరు మారకముందు నది ఎలా ఉండేదో వాటిలోనే కనబడుతుంది. కాలనీ ఇళ్లలో పెట్టెల అడుగున చెమ్మకు అవి ఒకదానికొకటి అంటుకుపోకముందే నకలు తీసుకోవాలి. ఫొటోను కిటికీ దగ్గర, ఎండ తగలని చోట చదునుగా పరిచి, ఫ్లాష్ ఆపి, నిలువుగా పైనుంచి తీయాలి. పసుపు చాయ దిద్దవచ్చు, మరకలు తుడవవచ్చు. ముందు మాత్రం ఉన్నదున్నట్టుగా ఒకటి దాచుకోవాలి. ఊరి పేరు, సంవత్సరం, అందులో ఉన్నవారి పేర్లు తెలిసిన పెద్దవారిని అడిగి వెంటనే రాయించుకోవాలి. ఫొటో వెనుక సిరాతో రాసిన అక్షరాలేమైనా ఉంటే వాటికి కూడా వేరే ఫొటో తీయాలి.