కాపలా కుక్క గజ్జియు, కంటి కగపడని నల్లియు

దొడ్డి కాచు కుక్కకు వెండ్రుకలు రాలి చర్మము బోడియైనచో, గజ్జికుక్క యని తరిమివేయుట మన పల్లెలలో వాడుక. మేమును ఒకప్పుడు ఒక రైతునకు అట్టి సలహాయే యిచ్చితిమి. ఎనిమిది నెలల కుక్కపిల్ల. కన్నుల చుట్టును ముంగాళ్లమీదను వెండ్రుకలు లేవు. ఇంట చంటిబిడ్డ యున్నది గనుక దానిని ఊరి బయట విడిచి రమ్మంటిమి. రైతు మా మాట వినక పశువైద్యశాలకు గొనిపోయెను. అది మే మనుకొన్న అంటుగజ్జి కాదని అచ్చట తేలినది. అట్టి పొరపాటు మరియొకరు చేయకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మిరపతోటలో ఆకుముడుత తెచ్చు నల్లిని మీ రెరుగుదురు. దాని దూరపు చుట్టములే కుక్క చర్మములోను గలవు. ఎనిమిది కాళ్లతో సాలెపురుగు వంశమునకు చెందినవి. అందు సార్కోప్టిస్ అనునది చర్మమును దొలిచి సొరంగములు చేయును. దురద దుర్భరము. ఇతర కుక్కలకు అంటుకొనును. తాకిన మనుష్యులకును కొన్నాళ్లు దురద పుట్టించును. డెమోడెక్స్ అనునది వెండ్రుక కుదురులో తలక్రిందుగా దాగియుండును. పాలు గుడుచు తొలిదినములలోనే తల్లినుండి పిల్లకు వచ్చును. మొదట దురద స్వల్పము. మనుష్యులకు దీనివలన భయము లేదు.

కుక్క డెమోడెక్సును శాస్త్రజ్ఞులు 1859లోనే వర్ణించిరి. పిమ్మట సూక్ష్మదర్శినిలో పొట్టివియు పొడుగువియు కూడ అగపడగా మూడు జాతు లుండునని తలచిరి. పొడుగుదానికి 2003లో ఇంజై యని పేరిడిరి. పొట్టిదానిని కార్నియై యనిరి. అయితే ఒకే విత్తనము చవిటినేలలో గిడసబారి, ఒండ్రునేలలో ఏపుగా పెరుగును గదా! ఎత్తు చూచి విత్తనమును నిర్ణయింప వచ్చునా? ప్రతి జీవి కణములోను డి.ఎన్.ఏ. అను సన్నని పోగు కలదు. అందు నాలుగు అక్షరముల వంటి గురుతులు వరుసగా కూర్చబడియుండును. 2012లో స్పెయిను దేశమున బార్సిలోనా పండితులు ఈ నల్లుల అక్షరముల వరుసను పోల్చి చూచిరి. పొడుగుది నిజముగా వేరు జాతియే. పొట్టిది మాత్రము మామూలు కుక్కనల్లి యొక్క మరియొక రూపమని తేలినది.

మరుసటి యేట అచ్చటివారే రోగము లేని కుక్కల వెండ్రుకలను పరీక్షించిరి. డి.ఎన్.ఏ. అణుమాత్ర మున్నను లక్షలంతలుగా పెంచి చూపు పి.సి.ఆర్. అను పద్ధతి కలదు. ఎక్కువ తావులనుండి వెండ్రుకలు దీసిన కొలది నల్లి జాడ ఎక్కువగా దొరకెను. అనగా ఆరోగ్యముగా నున్న కుక్కలలోను పెక్కింటికి ఇది కొద్దిగా నుండనే యుండును. ఒంటిలో కాపుదల శక్తి తగ్గినపుడే విజృంభించి వెండ్రుకలు రాల్చును. లేతపిల్లలలో ఒకటిరెండు మచ్చలే యున్నచో తరచు తమంతట తామే మానును.

మన పల్లెలో ఇంత పరీక్ష అక్కరలేదు. పశువైద్యుడు చర్మమును నెత్తురు చెమర్చువరకు గీకి సూక్ష్మదర్శినిలో చూచిన డెమోడెక్స్ సాధారణముగా కనబడును. సార్కోప్టిస్ తరచు చిక్కదు. చెవి అంచును వ్రేళ్లతో రుద్దినప్పుడు కుక్క వెనుకకాలు గోకుచున్నట్లు ఆడించినచో దానిని అనుమానించి, వైద్యుడు చూచువరకు పిల్లలను దూరముగా నుంచవలెను. వాడిన ఇంజను నూనె, కిరసనాయిలు పూయుట మాత్రము వలదు. నాకిన కుక్కకు విషమెక్కును, చర్మమును కాలును. నేడు ఈ రెండు నల్లులను చంపు బిళ్లలు కలవు; కుక్క తూకమునుబట్టి వైద్యుడే యీయవలెను.

ఆ రైతు కుక్కకు వెండ్రుకలు మరల వచ్చినవి. మేము దొడ్డి గుమ్మము త్రొక్కినచో ఇప్పటికిని మొరుగుచున్నది.