దూరముననున్న డిస్కు దగ్గరిదానివలె పనిచేయుట ఎట్లు?

కంప్యూటరు తన డిస్కునకు పనులు చెప్పుటకై ఏర్పడిన ‘స్కజీ’ అను ఆజ్ఞావిధానము 1986లో ప్రమాణముగా స్థిరపడినది. కాని ఆ ఆజ్ఞలను మోయు పెక్కుతీగల కేబులు సామాన్యరకమునందు 6 మీటర్లు, మేలిరకమునందు సైతము 25 మీటర్లు మించరాదు. ఏలయన, ఒక్కమారు బయలుదేరిన సంకేతములు దూరము పెరిగినకొలది క్షీణించి, ఒకదానికంటె నొకటి వెనుకబడి చేరును.

మరి వేరొక భవనమునందలి డిస్కును వాడుట యెట్లు? 2004లో ప్రమాణముగా వెలువడిన ‘ఐస్కజీ’ పద్ధతి, డిస్కులోని ఫలానా సంఖ్యగల బ్లాకును, అనగా సమాచారపు తునకను, చదువుమను ఆజ్ఞను, ఉత్తరమును కవరులో నుంచినట్లు, ‘టీసీపీ’ అను రవాణావిధానపు ప్యాకెట్లలో నుంచి, ఇంటర్నెట్టునకు వాడు మామూలు నెట్‌వర్కు మీదనే పంపును. ఆవలి యంత్రము దానిని విప్పి, డిస్కును చదివి, ఫలితమును ఆ మార్గముననే మరలించును. దారిలో ప్యాకెట్టు తప్పిపోయినచో టీసీపీ మరల పంపును, వరుస చెదరినచో సరిదిద్దును. కావున కంప్యూటరునకు అది తనలోని డిస్కుగనే తోచును. పాత ఆజ్ఞలను చెక్కుచెదరనీయక దారిని మాత్రమే మార్చిన ఆ వివేకము నాకు మిక్కిలి ప్రశంసనీయముగా తోచుచున్నది.

అయితే గాజుతంతువులో కాంతి సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లే పోవును గనుక, 1,000 కిలోమీటర్ల ఆవలి డిస్కునుండి జవాబు వచ్చుటకు కనీసము 10 మిల్లీసెకన్లు పట్టును. అందుచేతనే ఇట్టి డిస్కులను సాధారణముగా, వాటిని వాడుకొను యంత్రములున్న డేటా సెంటరునందే నిలుపుదురు.