చెదలు చీమలకు చుట్టాలు కావు, బొద్దింకల వంశమే!

చార్మినార్‌కు పడమట ఉన్న లాడ్ బజార్‌కు పెళ్లి గాజుల కోసం వెళ్లే గ్రామస్థులు ఎందరో. ఆ వీధికి కూడు పెట్టేది ఒక పురుగు. చెట్టు కొమ్మల రసం పీల్చి బతికే లక్కపురుగు విడిచే జిగురే లక్క. దాన్ని బొగ్గుల కుంపటి మీద మెత్తబరచి, రాళ్లు పొదిగి గాజులు చేస్తారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే గాజులు సర్దే అట్టపెట్టెలకు, చెక్క అరలకు, లెక్కల పుస్తకాలకు శత్రువులు కూడా పురుగులే. బొద్దింకలు, చెదలు! ఈ రెండూ ఒకే వంశానివంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. చెదలను తెల్లచీమలనడం మనకు అలవాటైపోయింది.

చీమకు నడుము సన్నం, చెదకు అసలు నడుమే కనపడదు. చీమ పిల్ల కాళ్లు లేని పురుగుగా పుట్టి, గూటి దశ దాటి చీమ అవుతుంది. చెద పిల్ల, బొద్దింక పిల్ల మాత్రం పుట్టుకతోనే పెద్దవాటి పోలికతో ఉండి, కుబుసం విడుస్తూ పెరుగుతాయి.

అమెరికా, తూర్పు ఆసియా అడవుల్లో కుళ్లిన దుంగలు తిని బతికే ఒక రకం బొద్దింక ఉంది. తల్లి, తండ్రి, పిల్లలు ఒకే దుంగలో కాపురం. కర్రను అరిగించే సూక్ష్మజీవులు దాని పొట్టలో ఉంటాయి. అటువంటివే కొన్ని జాతుల చెదల పొట్టలోనూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని ఒక జాతి చెద బొద్దింక మాదిరిగానే గుడ్లను కట్టగా పెడుతుంది. 2007లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రజ్ఞులు జన్యువులు పోల్చి చూసి, చెదలను బొద్దింకల వర్గంలోనే చేర్చాలని తేల్చారు.

వంశం ఒకటైనా కాపురం వేరు. బొద్దింకకు రాజూ లేడు, రాణీ లేదు. చెదలకు రాజు, రాణి, కూలీలు, సైనికులు అందరూ ఉన్నారు. తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసుళ్లు కాబోయే రాజులూ రాణులే. వాటిని వేయించుకుని కమ్మగా తినేవారూ మనలో లేకపోలేదు.

కాబట్టి నివారణ కూడా వేరు. గోడ మీది మట్టి గొట్టాన్ని చెరిపి కిరసనాయిలు పోస్తే చచ్చేది కూలీలే, భూమిలో రాణి క్షేమం. దూలాలకు, తలుపు చట్రాలకు తేమ తగలనీయరాదు. ఇల్లు కట్టేటప్పుడే పునాదికి చెదల మందు వేయించాలి. బొద్దింక రాకడ వేరు. దాని గుడ్ల సంచి కందిగింజంత ఉంటుంది. పెద్ద ఎర్ర బొద్దింకదైతే అందులో పదిహేను దాకా గుడ్లు. అది అట్టపెట్టె మడతలో అంటుకుని బజారు నుంచి బస్సెక్కి ఊరు చేరగలదు. గాజుల పెట్టెను అటక ఎక్కించే ముందు మడతలు విప్పి, దులిపి చూసుకోవడం మంచిది.